ఐఎన్ఆర్ అంకె కోసం ఎక్కించే ప్లాస్మా

కాలేయం చెడి పొట్ట నిండా నీరు చేరిన రోగిని మంచం మీద పడుకోబెట్టి, సూదితో ఆ నీరు తీయడానికి అంతా సిద్ధం చేస్తారు. అంతలో ల్యాబ్ నుంచి కాగితం వస్తుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే అంకె ఐఎన్ఆర్. ఒకటికి అటూ ఇటూ ఉండవలసిన అది ఆ కాగితంలో 1.8 అని ఉంటుంది, పక్కన పైకి చూపే బాణం గుర్తు కూడా ఉంటుంది. రక్తం పలచబడింది, నాలుగు ప్లాస్మా కావాలి అని రోగి తాలూకువాళ్లకు చీటీ రాసిస్తారు. వాళ్లు థర్మాకోల్ డబ్బా పట్టుకుని బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తుతారు. సాయంత్రానికి నాలుగు సంచులూ ఎక్కుతాయి, మర్నాడు నీరు తీస్తారు, రక్తస్రావం కాదు. ప్లాస్మా కాపాడిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్లాస్మా ఎక్కించకుండా తీసినా రక్తస్రావం అయ్యేది కాదేమో అన్న ప్రశ్న ఆ వార్డులో పుట్టే అవకాశమే ఉండదు. ఈ అలవాటు దశాబ్దాల తరబడి నిలవడానికి అసలు కారణం ఇదే: ఎక్కించిన ప్రతిసారీ అది పనిచేసినట్టే కనిపిస్తుంది.

ముందుగా ఆ సంచిలో ఉన్నదేమిటో చూడాలి. దాత ఇచ్చిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు ఎర్రకణాలు అడుగుకు చేరి, పైన గడ్డిరంగు ద్రవం తేలుతుంది. దాన్ని వేరుచేసి, కొద్ది గంటల్లోనే మంచులా గడ్డకట్టించి, సున్నాకు దిగువన 30 డిగ్రీల చలిలో ఏడాది వరకు నిల్వ ఉంచుతారు. దీన్నే ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా, ఆసుపత్రి భాషలో ఎఫ్‌ఎఫ్‌పీ అంటారు. ఫ్రీజర్ నుంచి తీసినప్పుడు ఆ సంచి గాజుపలకలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది, చేయి జారి కింద పడితే పగిలిపోతుంది. 37 డిగ్రీల నీటి తొట్టిలో అరగంట కరిగించాకే వాడాలి, కరిగాక మళ్లీ గడ్డకట్టించకూడదు. ఒక్కో సంచిలో 200 నుంచి 250 మిల్లీలీటర్లు ఉంటాయి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు, అంటే ఫ్యాక్టర్లన్నీ అందులో ఉంటాయి గానీ, ఆరోగ్యవంతుడి రక్తంలో ఎంత గాఢతలో ఉంటాయో దాదాపు అంతే గాఢతలో ఉంటాయి. ఇది మందులా చిక్కబరిచిన పదార్థం కాదు. తర్వాత చెప్పబోయే లెక్కంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

60 కిలోల మనిషి ఒంట్లో ప్లాస్మా సుమారు 2,400 మిల్లీలీటర్లు ఉంటుంది. అతని ఫ్యాక్టర్లు మామూలు స్థాయిలో 40 శాతానికి పడిపోయాయనుకుందాం. మిల్లీలీటరుకు ఒక యూనిట్ చొప్పున 2,400 యూనిట్లు ఉండవలసిన చోట 960 ఉన్నాయన్నమాట. రెండు సంచుల ప్లాస్మాతో 400 యూనిట్లు చేరితే మొత్తం 1,360 అవుతాయి, అయితే ద్రవం కూడా 2,800 మిల్లీలీటర్లకు పెరిగింది కాబట్టి శాతం 40 నుంచి దాదాపు 49 దాకా మాత్రమే వెళ్తుంది. ఇప్పుడు అదే మనిషికి ఫ్యాక్టర్లు 10 శాతమే మిగిలాయనుకుందాం. ఉన్న 240కి 400 చేరితే 640, అంటే సుమారు 23 శాతం. రెండుచోట్లా ఎక్కించింది అవే రెండు సంచులైనా, ఒకచోట స్థాయి రెట్టింపును దాటింది, మరోచోట అయిదో వంతే పెరిగింది. దీనికి తోడు, ఫ్యాక్టర్లకూ ఐఎన్ఆర్‌కూ మధ్య సంబంధం సరళరేఖ కాదు, బాగా వంగిన గీత. ఫ్యాక్టర్లు మరీ అడుగంటినప్పుడు కొద్దిపాటి పెరుగుదలకే ఐఎన్ఆర్ దబ్బున దిగుతుంది. 40 శాతం దాటాక ఎంత పోసినా అంకె కదలడం కష్టం. పైగా ప్లాస్మా సంచిలోని ద్రవాన్నే పరీక్షిస్తే దాని ఐఎన్ఆర్ కూడా ఒక్కోసారి 1.1, 1.2 ఉంటుంది. 1.2 ఉన్న ద్రవాన్ని కలిపి 1.5ను 1.0కు దించాలనుకోవడం గోరువెచ్చని నీళ్లు పోసి మరో గోరువెచ్చని బిందెను చల్లార్చాలనుకోవడమే.

కాగితం మీది ఈ లెక్కను రోగుల మీద సరిచూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు 2006లో ప్రచురించిన పరిశీలనలో, ఐఎన్ఆర్ 1.1కూ 1.85కూ మధ్య ఉన్న 121 మంది రోగులకు ప్లాస్మా ఎక్కించాక పరీక్ష మళ్లీ చేశారు. అంకె పూర్తిగా మామూలు స్థితికి వచ్చినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. కనీసం సగం దూరమైనా దిగివచ్చినవారు 15 శాతం. ఐఎన్ఆర్ తగ్గిన మధ్యస్థ పరిమాణం 0.07. ఒకే రక్తాన్ని ఒకే ల్యాబ్‌లో రెండుసార్లు పరీక్షించినా ఆ మాత్రం తేడా రావచ్చు.

అంకె కదలకపోతే ఇంకా ఎక్కువ ప్లాస్మా ఇవ్వాలనే వాదన ఇక్కడ వస్తుంది. దానికి జవాబు చెప్పే ముందు, ఆ అంకె అసలు దేన్ని కొలుస్తుందో అడగాలి. దానికి ఆధారమైన ప్రోత్రాంబిన్ టైమ్ పరీక్షను 1935లో ఆర్మండ్ క్విక్ రూపొందించారు. సిట్రేట్ కలిపిన రక్తం నుంచి ప్లాస్మాను వేరుచేసి, దానికి గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టే థ్రాంబోప్లాస్టిన్‌నూ, కాల్షియంనూ కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూస్తారు. ల్యాబ్‌ల మధ్య రసాయనాల తేడా వల్ల ఫలితాలు పొంతన లేకుండా వస్తుంటే, వాటిని ఒకే కొలమానంలోకి తేవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్ఆర్‌ను ప్రవేశపెట్టింది. అది ఉద్దేశించింది కూడా ఒక్క వర్గం వారి కోసమే: రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవారికి మోతాదు సరిగా ఉందో లేదో తెలియడానికి. వార్ఫరిన్ ముట్టని రోగికి, సూది గుచ్చితే రక్తం ఆగుతుందా ఆగదా అని జోస్యం చెప్పడానికి దాన్ని ఎవరూ తయారుచేయలేదు. ఆ గాజు గొట్టంలో రక్తనాళపు గోడ లేదు, ప్లేట్‌లెట్లు లేవు, గడ్డ మితిమీరకుండా కళ్లెం వేసే ప్రొటీన్ సి, యాంటీథ్రాంబిన్ లాంటివాటి బలాబలాలు ఆ సెకన్లలో కనిపించవు. తక్కెడలో ఒక్క పళ్లెం బరువే చూసి తీర్పు చెప్పే పరీక్ష అది.

పరీక్షకూ రక్తస్రావానికీ మధ్య ఎంత ఎడం ఉండగలదో చూపే పాత ఉదంతం ఒకటి వైద్య చరిత్రలో స్థిరపడిపోయింది. 1950ల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగికి శస్త్రచికిత్స ముందు రక్తపరీక్ష చేస్తే, గాజు గొట్టంలో రక్తం ఎంతకీ గడ్డకట్టలేదు. ఆయనకు మాత్రం జీవితంలో ఎన్నడూ అతిగా రక్తం కారిన దాఖలా లేదు. అక్కడి వైద్యుడు ఆస్కార్ రాట్నాఫ్ ఆయన రక్తాన్ని పరిశోధించి, ఒక ఫ్యాక్టర్ పూర్తిగా లోపించిందని కనుగొన్నారు. దానికి హేగ్‌మన్ ఫ్యాక్టర్ అని పేరు వచ్చింది, ఇప్పటి లెక్కలో పన్నెండో ఫ్యాక్టర్. 1968లో హేగ్‌మన్ చనిపోయింది రక్తస్రావంతో కాదు, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ చిక్కుకుని. గాజు తగిలినప్పుడు గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది ఈ ఫ్యాక్టరే. పాముకాటు దగ్గర ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

కాలేయ రోగి విషయంలో తక్కెడ పోలిక మరింత సరిగ్గా సరిపోతుంది. గడ్డకట్టించే ఫ్యాక్టర్లలో చాలావాటిని తయారుచేసేది కాలేయమే, గడ్డకు కళ్లెం వేసే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్లను తయారుచేసేదీ కాలేయమే. అది దెబ్బతిన్నప్పుడు రెండు పళ్లాలూ కలిసి తేలికవుతాయి. ఎనిమిదో ఫ్యాక్టర్ అయితే తగ్గకపోగా పెరుగుతుంది. ఇటలీలోని మిలాన్‌లో ట్రిపోడి, మన్నుచ్చి బృందం ప్రొటీన్ సి పాత్రను కూడా లెక్కలోకి తెచ్చే పద్ధతిలో పరీక్షించి 2005లో చూపినదేమిటంటే, సిరోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు) రోగుల ప్లాస్మాలో పుట్టే థ్రాంబిన్, అంటే గడ్డకట్టించే ముఖ్య ఎంజైమ్, ఆరోగ్యవంతులతో పోల్చదగిన స్థాయిలోనే ఉంది. ఐఎన్ఆర్ ఎక్కువగా ఉన్న ఈ రోగుల్లోనే కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలో గడ్డలు ఏర్పడడం కూడా వైద్యులు తరచూ చూస్తున్న విషయమే. అందుకే పొట్టలో నీరు తీసే ముందు అలవాటుగా ప్లాస్మా ఇవ్వనక్కర్లేదని కాలేయ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. సూది చికిత్సలు చేసే రేడియాలజిస్టుల అమెరికన్ సంఘం 2019లో మరో అడుగు ముందుకు వేసింది. ప్రమాదం తక్కువ ఉన్న పనులకు ఐఎన్ఆర్ పరీక్షే మామూలుగా అక్కర్లేదంది, ప్రమాదం ఎక్కువ ఉన్నవాటికి కూడా దీర్ఘకాలిక కాలేయ రోగుల్లో 2.5 వరకు ఫరవాలేదంది.

అక్కర్లేనిది ఇచ్చినా నష్టం లేదనుకుంటే అదీ నిజం కాదు. నాలుగు సంచులంటే దాదాపు లీటరు ద్రవం. గుండె బలహీనంగా ఉన్న పెద్దవయసు రోగికి ఆ లీటరు ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయాసం తెప్పిస్తుంది. కాలేయ రోగికి అది పోర్టల్ సిరలో ఒత్తిడి పెంచుతుంది. అన్నవాహికలో ఉబ్బిన నాళాలు చిట్లి రక్తం కక్కుతున్న రోగికి ఐఎన్ఆర్ సరిచేయాలని ప్లాస్మా పోయడం అంటే, పగిలిన పైపులో నీటి ఒత్తిడి పెంచడమే. అలాంటి రక్తస్రావంలో ప్లాస్మా సిఫారసు చేయబోమని 2021లో జరిగిన, పోర్టల్ సిర ఒత్తిడి మీద నిపుణుల బవేనో ఏడో సమావేశం స్పష్టంగానే చెప్పింది. అరుదైనా ప్రాణం తీయగల మరో ప్రమాదం ఉంది. దాత ప్లాస్మాలోని యాంటీబాడీలు రోగి తెల్లకణాలతో తలపడి, ఎక్కించిన ఆరు గంటల లోపే ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. గర్భధారణ వల్ల ఇలాంటి యాంటీబాడీలు స్త్రీల రక్తంలో ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, బ్రిటన్ 2003 నుంచి ఎక్కువగా పురుష దాతల ప్లాస్మానే వాడడం మొదలుపెట్టింది, ఆ తర్వాత ఈ మరణాలు బాగా తగ్గాయి. దద్దుర్లు, దురద నుంచి తీవ్రమైన అలర్జీ దాకా మిగతావి ఉండనే ఉన్నాయి. ఇంకో నష్టం రోగి ఒంటి మీద కనిపించేది కాదు: అనవసరంగా కరిగించిన ప్రతి సంచీ హీమోఫీలియా పిల్లలకు కావలసిన ఫ్యాక్టర్‌కూ, ఇమ్యునోగ్లోబ్యులిన్‌కూ, ఆల్బుమిన్‌కూ ముడిసరుకుగా మారవలసింది.

ఐఎన్ఆర్ నిజంగా పెరిగి, నిజంగా సరిచేయవలసిన సందర్భాల్లో కూడా ప్లాస్మా చాలాసార్లు మొదటి జవాబు కాదు. రెండో, ఏడో, తొమ్మిదో, పదో ఫ్యాక్టర్లు పనికొచ్చే రూపానికి రావాలంటే విటమిన్ కె కావాలి. ఐసీయూలో రోజుల తరబడి తిండి లేక, యాంటీబయాటిక్స్ మీద ఉన్న రోగికి, పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన రోగికి ఐఎన్ఆర్ పెరగడం ఎక్కువగా ఈ లోపం వల్లే. అలాంటప్పుడు కొద్ది రూపాయల విటమిన్ కె ఇంజెక్షన్ ఇస్తే, కాలేయం బాగుంటే పన్నెండు గంటలు తిరిగేసరికి అంకె దిగడం మొదలవుతుంది. రేపటి శస్త్రచికిత్సకు ఈ రాత్రి ప్లాస్మా ఎక్కించడం కన్నా ఈ సాయంత్రం ఆ ఇంజెక్షన్ ఇవ్వడం మేలు. ఎక్కించిన ప్లాస్మాలోని ఏడో ఫ్యాక్టర్ అయిదారు గంటల్లో సగమైపోతుంది కాబట్టి, ముందురోజు రాత్రి సరిచేసిన అంకె పొద్దున థియేటర్‌కు వెళ్లేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.

గుండెకు లోహపు వాల్వు వేయించుకుని, వార్ఫరిన్ గానీ అలాంటిదే అయిన అసిట్రోమ్ గానీ జీవితాంతం వాడేవారిది వేరే సమస్య. ఐఎన్ఆర్ ఎక్కువగా ఉండి రక్తస్రావం లేకపోతే మందు ఆపడం, నోటి ద్వారా కొద్దిగా విటమిన్ కె ఇవ్వడం సాధారణంగా సరిపోతుంది. మెదడులో రక్తం చిమ్మితే మాత్రం ప్రతి నిమిషమూ లెక్కే. అక్కడ ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ కాన్సన్‌ట్రేట్, అంటే ఆ నాలుగు ఫ్యాక్టర్లనే చిక్కబరిచి పొడి చేసిన మందు, ప్లాస్మాను చాలా వెనక్కు నెట్టింది. 2013లో ప్రచురితమైన అధ్యయనంలో ఇది ఇచ్చిన అరగంటలో ఐఎన్ఆర్ 1.3కు దిగినవారు 62 శాతం, ప్లాస్మా ఇచ్చినవారిలో దాదాపు 10 శాతం. మెదడు రక్తస్రావం మీదే జర్మనీలో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు గంటల్లో 1.2కు చేరినవారు ఇటు 67 శాతం, అటు 9 శాతం. ఈ మందు ధర ఎక్కువ, మన దగ్గర చాలాచోట్ల దొరకదు. దొరకని చోట అలాంటి రోగికి విటమిన్ కెతో పాటు కిలోకు 15 మిల్లీలీటర్ల చొప్పున ప్లాస్మా వెంటనే ఇవ్వడం సరైన వైద్యమే. అప్పుడు ఒకటి రెండు సంచులు ఇచ్చి ఊరుకోవడమే తప్పు. అక్కర్లేని చోట ఎక్కువగా, కావలసిన చోట తక్కువగా వాడడం ఈ ప్లాస్మా చరిత్రలో పదేపదే జరుగుతూ వచ్చింది.

కావలసిన చోట్లు నిజంగానే ఉన్నాయి. రోడ్డు ప్రమాదంలోనో, కాన్పులోనో రక్తం ధారగా పోతున్నప్పుడు ఎర్రకణాలూ సెలైనూ మాత్రమే పోస్తూ పోతే మిగిలిన ఫ్యాక్టర్లు కూడా పలచబడిపోతాయి. అక్కడ ల్యాబ్ కాగితం కోసం ఆగకుండా మొదటి నుంచే ఎర్రకణాలతో సమానంగా ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇవ్వడం మేలని గాయాల వైద్యం నేర్చుకుంది. అమెరికాలో 680 మంది క్షతగాత్రుల మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో మొత్తం మరణాల్లో గణాంకపరంగా నిలిచే తేడా రాలేదు గానీ, మొదటి 24 గంటల్లో రక్తం కారిపోయి చనిపోయినవారు సమాన పాళ్లలో ఇచ్చిన వర్గంలో 9.2 శాతం, ప్లాస్మా తక్కువ ఇచ్చిన వర్గంలో 14.6 శాతం. కాన్పు రక్తస్రావంలో మాత్రం ఒక మెలిక ఉంది. అందులో ముందుగా అడుగంటేది ఫైబ్రినోజెన్, అంటే గడ్డకు దారాలుగా అల్లుకునే ప్రొటీన్, అది నిండు గర్భిణిలో మామూలుగానే ఎక్కువ ఉంటుంది. ప్లాస్మాలో లీటరుకు రెండు గ్రాములే ఉంటుంది కాబట్టి, ప్లాస్మాతో దాన్ని పైకి లేపడం సాధ్యం కాదు. దానికి ప్లాస్మా నుంచి వేరుచేసిన, ఫైబ్రినోజెన్ చిక్కగా ఉండే క్రయోప్రెసిపిటేట్ (క్రయో) గానీ ఫైబ్రినోజెన్ పొడి గానీ కావాలి. విడిగా మందు దొరకని అయిదో ఫ్యాక్టర్ లోపానికి ప్లాస్మా తప్ప దారి లేదు. చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే టీటీపీ అనే అరుదైన జబ్బులో ప్లాస్మా మార్పిడి చేయకపోతే దాదాపు అందరూ చనిపోయేవారు, చేస్తే ఎక్కువమంది బతుకుతున్నారు.

తెలుగు నేల మీద ఈ చర్చ అన్నిటికన్నా నేరుగా తగిలేది పాముకాటు దగ్గర. వరి కోతల్లో, పొలం గట్ల మీద కాటేసే రక్తపింజర విషంలో పదో ఫ్యాక్టర్‌నూ, అయిదో ఫ్యాక్టర్‌నూ రెచ్చగొట్టే పదార్థాలు ఉంటాయి. అవి ఒళ్లంతా గడ్డకట్టే ప్రక్రియను ఒక్కసారిగా మొదలుపెట్టి, ఉన్న ఫ్యాక్టర్లనూ ఫైబ్రినోజెన్‌నూ ఖర్చు చేసేస్తాయి. చివరికి రక్తం గడ్డకట్టడానికి ఏమీ మిగలదు, చిగుళ్ల నుంచి, మూత్రంలో, సూది పొడిచిన చోటా రక్తం కారుతుంది. ఇక్కడ లోటు నిజమైనదే, ఐఎన్ఆర్ కొలవలేనంతగా పెరుగుతుంది, ఇందాకటి లెక్క ప్రకారం ప్లాస్మా బాగా పనిచేయవలసిన సందర్భం ఇదే. కానీ విషం ఇంకా రక్తంలో తిరుగుతుండగా ప్లాస్మా పోస్తే, కొత్తగా వచ్చిన ఫ్యాక్టర్లు కూడా ఆ మంటకు కట్టెలవుతాయి. ముందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు కలిపి తయారయ్యే యాంటీ స్నేక్ వెనమ్ ఇచ్చి ఆ మంటను ఆర్పాలి.

ఆర్పాక ఇస్తే లాభమా అన్న ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు వచ్చాయి. ఆస్ట్రేలియా పాముల కాటుపై 2013లో వచ్చిన అధ్యయనంలో, విరుగుడు తర్వాత ప్లాస్మా ఇచ్చినవారిలో ఎక్కువమందికి గడ్డకట్టే శక్తి త్వరగా తిరిగివచ్చింది, కానీ వాళ్లు ఆసుపత్రి నుంచి ఇంటికి ముందుగా వెళ్లలేదు. మన పక్కనే శ్రీలంకలో, మన రక్తపింజర మీదే చేసి 2017లో వెలువరించిన అధ్యయనంలో, విరుగుడు మోతాదు తగ్గించి దానికి ప్లాస్మా జోడించినా కోలుకోవడం వేగం కాలేదు. మన పొలాలకు దగ్గరైన సాక్ష్యం ఈ రెండోదే. విరుగుడు ఇచ్చాక కూడా మెదడులోనో కడుపులోనో రక్తస్రావం ఆగని రోగికి ప్లాస్మా, క్రయో ఇవ్వడంలో తప్పులేదు. రక్తం కారకుండా, అంకె మాత్రమే చెడి ఉన్న రోగికి వాటి కోసం జిల్లా కేంద్రానికి బండి కట్టించి గంటలు పోగొట్టడం మాత్రం సమర్థించుకోలేనిది.

ఆ రోగికి మండల స్థాయి ఆసుపత్రిలో కావలసిన పరీక్ష చాలా చిన్నది. కొత్తదో, శుభ్రంగా ఆరినదో అయిన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం జారిపోతే గడ్డకట్టనట్టు. గాజే ఎందుకంటే హేగ్‌మన్ ఫ్యాక్టర్‌ను తట్టిలేపేది గాజు ఉపరితలమే. ప్లాస్టిక్ సీసా వాడినా, సబ్బుపొడితో కడిగిన గాజు వాడినా బాగున్న రక్తం కూడా గడ్డకట్టనట్టు కనిపించి, అక్కర్లేని విరుగుడు ఒంట్లోకి పోతుంది. విరుగుడు ఇచ్చాక ఈ పరీక్షను ఆరు గంటలకోసారి చేయమనడానికి కారణం, విషం ఆగిపోయిన తర్వాత కాలేయం కొత్త ఫ్యాక్టర్లు తయారుచేసుకోవడానికి కనీసం అంత సమయం పడుతుంది. గంటకోసారి గొట్టం వంచి, ఇంకా జారుతోందని కంగారుపడి ప్లాస్మా కోసం పంపితే, ఆ కాలేయానికి ఇవ్వవలసిన గడువు ఇవ్వనట్టే. ఆరు గంటల తర్వాత కూడా జారితే మరో విడత విరుగుడు ఇస్తారు. ఈసారి గొట్టం వంచినా రక్తం ముద్దగా అడుగునే నిలిచిందంటే, ప్లాస్మా సంచి ఒక్కటీ కరిగించకుండానే రోగి కాలేయం తన పని తాను చేసుకుంటున్నట్టు.